ఆరేళ్లు, 41 వాయిలు: గోధుమ బీరు కాచే కరెంటు పాత్రపై నా అనుభవం

ఈ పాత్ర కొని వచ్చే అక్టోబరుకు ఆరేళ్లు. ఇంతవరకు ఇందులో 41 వాయిలు కాచాను. అందులో 27 గోధుమ బీరే. వాయికి 20 లీటర్లు. లెక్కంతా ఒక పాత డైరీలో రాసి పెట్టుకున్నాను, ఎందుకంటే జర్మనీలో ఇంట్లో కాచుకునే బీరుకు పన్ను లేని హద్దు ఒకటుంది. 2023 చివరి దాకా అది ఏడాదికి 200 లీటర్లు, 2024 నుంచి 500. మన రాష్ట్రాల్లో ఎక్సైజు అనుమతి లేకుండా ఇదే పని చేస్తే కేసవుతుంది. కాబట్టి ఇది చదివి భీమవరంలో ఎవరూ పొయ్యి వెలిగించకండి.

నేనుండేది మ్యూనిక్‌కు ఉత్తరాన ఫ్రైజింగ్‌లో. 1040 నుంచి ఉన్నామని చెప్పుకునే వైహెన్‌స్టెఫాన్ బీరు కర్మాగారం ఈ ఊరి గుట్ట మీదే ఉంది. వాళ్ల గోధుమ బీరు అర లీటరు సీసా దుకాణంలో ఇంచుమించు ఒక యూరోకు దొరుకుతుంది. ఇలాంటి ఊళ్లో ఇంట్లో గోధుమ బీరు కాచడమంటే తిరుపతిలో కాపురం పెట్టి లడ్డూలు చుట్టడమేనని మా ఆవిడ అంటుంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇక పాత్ర సంగతి. 30 లీటర్ల స్టీలు డ్రమ్ము, అడుగున పైకి కనిపించకుండా బిగించిన హీటరు, లోపల చిల్లుల అడుగున్న ఒక పొడవాటి బుట్ట, కింది రసాన్ని తోడి పైన పోసే చిన్న పంపు, వేడిని చూసుకునే కంట్రోలరు. 430 యూరోలు పెట్టాను. తయారీదారు పేరు రాయను. ఈ రకం పాత్రలు అరడజను పేర్లతో దొరుకుతాయి, లోపలి సరుకు దాదాపు ఒకటే. మర ఆడించిన మాల్టును బుట్టలో పోసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి, వేడిని మెట్లు మెట్లుగా పెంచాలి, చివర బుట్టను పైకెత్తి వడకట్టి, మిగిలిన తియ్యటి రసాన్ని అదే పాత్రలో చేదునిచ్చే హాప్స్ పువ్వులు వేసి మరిగించాలి. మాల్టు అనగానే కంగారు పడనక్కరలేదు. రాగులు నానబెట్టి, మూటకట్టి మొలకెత్తించి, ఆరబెట్టి పిండి కొట్టే ఇళ్లలో పెరిగినవారికి సూత్రం తెలిసిందే. మొలకెత్తిన గింజలోని ఎంజైములు దానిలోని పిండిని చక్కెరగా విడగొడతాయి. ఈస్టు ఆ చక్కెరను తింటుంది.

బార్లీతో ఈ పాత్ర బంగారం. గోధుమ దగ్గరే దాని గుణం బయటపడింది.

బార్లీ గింజకు పొట్టు ఉంటుంది. మర ఆడించినప్పుడు ఆ పొట్టే బుట్ట అడుగున జల్లెడలా పరుచుకుని రసాన్ని కిందికి వదులుతుంది. గోధుమకు ఆ పొట్టు లేదు. 2019 డిసెంబరులో కాచిన మొదటి గోధుమ వాయి బుట్టలో హల్వాలా ముద్దకట్టింది. పైన పోసిన రసం పైనే నిలిచిపోయింది, కింద పంపు గాలి పీల్చడం మొదలుపెట్టింది, జారిన పిండి హీటరు మీద పేరుకుని మాడింది. వంటింట్లో అడుగంటిన పాయసం వాసన. మొండికేసి మరిగించాను, పులియబెట్టాను, సీసాల్లో నింపాను, మూడు వారాలు ఆగాను. మాడు వాసన చెక్కు చెదరలేదు. ఆ 38 సీసాలనూ సింకులో ఒంపేశాను.

మందు ఊక అని తర్వాత తెలిసింది. అచ్చమైన వరి ఊక. ఇక్కడ బీరు సామాను అమ్మే దుకాణాల్లో దాన్ని కడిగి, ఆరబెట్టి, సంచుల్లో కట్టి అమ్ముతారు. మా ఊళ్లో రైసు మిల్లు వెనక గుట్టలుగా పోసి ఉండేది. ఇటుక బట్టీల వాళ్లు లారీల్లో పట్టుకుపోయేవారు. దానికి నేను యూరోలు లెక్కపెట్టి ఇస్తున్నానని చెబితే నాన్నగారు ఫోనులో చాలాసేపు నవ్వారు. కానీ వాయికి 200 గ్రాముల ఊక కలిపిన నాటి నుంచి రసం ఒక్కసారి కూడా నిలిచిపోలేదు. దానికి రుచి లేదు, చక్కెర లేదు, గింజల మధ్య దారి మాత్రం చేస్తుంది.

దీన్ని చూసి కింది ఇంటి పెద్దాయన ముఖం ముడిచారు. మేముండే ఈ బవేరియా రాష్ట్రంలో 1516 నాటి చట్టం బీరుకు బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ వాడకూడదన్నదని ఆయన వాదన. ఆ మాటకొస్తే అందులో గోధుమ పేరూ లేదు. అయినా గోధుమ బీరు బతికింది, ఎందుకంటే పాలకులు డేగెన్‌బెర్గ్ అనే ఒక ప్రభువంశానికి ప్రత్యేక హక్కు ఇచ్చారు. 1602లో ఆ వంశం వారసులు లేక ఆగిపోతే డ్యూక్ మాక్సిమిలియన్ ఆ హక్కును తన చేతిలోకి తీసుకున్నాడు. ప్రజలకు నిషేధించిన గోధుమ బీరు ఖజానాకు మాత్రం చాలాకాలం బాగానే కాసులు కురిపించింది. 1872లో గేయోర్గ్ ష్నైడర్ అనే ఆయన దాన్ని కాచే హక్కు సంపాదించాడు. ఇదంతా చెప్పాక పెద్దాయన ఊక సంగతి ఎత్తలేదు. ఆ సాయంత్రం రెండు సీసాలు పట్టుకెళ్లారు.

ఊక ఒక్కటే చాలదు. మర రోలర్ల మధ్య సందు 1.2 మిల్లీమీటర్లకు పెంచి పిండి రాలడం తగ్గించాను. ఆడించే ముందు గింజల మీద చెంచాడు నీళ్లు చిలకరిస్తే బార్లీ పొట్టు మెత్తబడి నలగకుండా వస్తుంది. పంపును సగమే తిప్పుతాను. హీటరును మరిగే దాకా సగం శక్తితోనే నడుపుతూ చెక్క గరిటెతో అడుగు గీస్తూ ఉంటాను. దీనివల్ల ముప్పావుగంట ఎక్కువ పడుతుంది, కానీ మాడు లేదు. పాత్రతో వచ్చిన పుస్తకంలో ఇందులో ఒక్క మాటా లేదు.

పుస్తకం చెప్పని సంగతి ఇంకొకటి. వేడి చూసే మొన పాత్ర అడుగున, హీటరు పక్కనే ఉంది. కంట్రోలరు 45 డిగ్రీలని చూపిస్తుంటే గింజల మధ్య 42 మాత్రమే ఉండేది. వంటింటి థర్మామీటరు గుచ్చి చూసేదాకా ఏడాది పాటు నాకిది తెలియలేదు. గోధుమ బీరుకు ఆ మూడు డిగ్రీల తేడా చిన్నది కాదు. దానికి పేరు తెచ్చిన లవంగం వాసనకు మూలమైన ఫెరూలిక్ ఆమ్లం 45 డిగ్రీల దగ్గర పావుగంట నానితే గింజ నుంచి బాగా విడుదలవుతుంది. తర్వాత ఈస్టు దాన్ని లవంగపు ఘాటుగా మారుస్తుంది. ఇప్పుడు నా మెట్లు ఇవి: 45 దగ్గర పావుగంట, 63 దగ్గర 35 నిమిషాలు, 72 దగ్గర అరగంట, 78 కాగానే బుట్ట పైకి. 72 దగ్గర ఒక చుక్క రసాన్ని తెల్ల సాసర్లో వేసి అయోడిన్ చుక్క కలుపుతాను. నల్లనీలమైతే పిండి ఇంకా మిగిలి ఉన్నట్టు.

పాళ్లు కూడా చెప్పేస్తాను: గోధుమ మాల్టు 2.8 కిలోలు, లేత బార్లీ మాల్టు 1.6 కిలోలు, కాస్త రంగుకు మ్యూనిక్ మాల్టు 200 గ్రాములు, ఇక్కడి సున్నపు నీళ్లను సరిచేయడానికి పుల్లని మాల్టు 100 గ్రాములు. మొదట 19 లీటర్ల నీళ్లు, బుట్ట ఎత్తాక గింజల మీద మరో 9 లీటర్ల వేడినీళ్లు. గంటసేపు మరగాలి. హాప్స్ 30 గ్రాములు చాలు, అదీ మొదట్లోనే వేయాలి. పక్కనే ఉన్న హల్లెర్‌టౌ తోటల్లో ఏడు మీటర్ల పందిళ్లకు పాకే తీగల పువ్వులే ఈ హాప్స్. గోధుమ బీరులో వాటి చేదు తెలిసీ తెలియకుండా ఉండాలి.

ఇంతదాకా రాసిందంతా పాత్ర గురించి. కానీ బీరు నోట్లో పెట్టుకున్నప్పుడు తెలిసే రుచిలో పాత్రకు దక్కే వాటా తక్కువ. మొదటి రెండేళ్లూ కంట్రోలరు మీటలతో కుస్తీ పడ్డాను, డబ్బు పోసి గొట్టాలు మార్చాను, అయినా బీరు ఒకసారి మగ్గిన అరటిపండు, మరోసారి నెయిల్ పాలిష్. ఈస్టు ఏ వేడిలో పనిచేస్తుందో పట్టించుకోకపోవడమే తప్పు. నేను వాడేది వైహెన్‌స్టెఫాన్‌కు చెందిన 68వ నంబరు రకం. అది 17 డిగ్రీల దగ్గర మొదలై 21 దాకా మెల్లగా పెరిగితే లవంగం, అరటి రెండూ సమంగా వస్తాయి. మొదటి నుంచే 24 అయితే ఒట్టి అరటిపండే. సెల్లారులో వేసవికీ శీతాకాలానికీ పది డిగ్రీల తేడా ఉంటుంది. చివరికి 60 యూరోలకు ఒక పాత ఫ్రిజ్, 35 యూరోలకు వేడిని అదుపుచేసే పెట్టె, అందులోకి చిన్న హీటింగు పట్టా ఒకటి తెచ్చాను. ఈ ఫ్రిజ్ చేసిన మేలు ఆ 430 యూరోల పాత్ర చేయలేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా అడిగితే, పెద్ద అన్నం గిన్నె, గుడ్డ సంచి, పాత ఫ్రిజ్‌తో మొదలుపెట్టమంటాను. సంచిలో మాల్టు నానబెట్టి పిండితే చాలు, గోధుమకు అది పాత్ర కన్నా నయం, ముద్దకట్టినా చేత్తో పిండుకోవచ్చు.

ఈస్టు కూడా ప్రతిసారి కొనడం మానేశాను. గోధుమ బీరు ఈస్టు పులిసేటప్పుడు పైకి తేలి మీగడలా కడుతుంది. రెండో రోజు మొదటి గోధుమరంగు మురికి తీసేసి, తర్వాత వచ్చే తెల్లటి నురగను మరిగించిన సీసాలోకి తోడి దాచుకుంటే వచ్చే వాయికి అదే తోడు. పెరుగుకు తోడు మిగల్చడం మరిచిపోని ఇంట్లో పుట్టినవాణ్ని, ఈ పని నాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. ఐదు వాయిల తర్వాత మాత్రం కొత్త ఈస్టు కొంటాను. పులిసే డ్రమ్ములో పైన పది లీటర్ల ఖాళీ వదలండి. వదలకపోతే ఏమవుతుందో మా సెల్లారు పైకప్పు మీది పసుపు మచ్చ చెబుతుంది.

సీసాల దగ్గర జాగ్రత్త. గోధుమ బీరుకు గ్యాసు ఎక్కువ కావాలి కాబట్టి లీటరుకు 9 గ్రాముల చక్కెర వేసి మూత బిగిస్తాను. ఈస్టు పని పూర్తికాకముందే అలా చేస్తే సీసా బాంబే. ఒక చలికాలం రాత్రి రెండు పేలాయి. అదృష్టవశాత్తు అక్కడ ఎవరూ లేరు. అప్పటినుంచి పాలకు లాక్టోమీటరు పెట్టినట్టు మూడు రోజులు వరసగా హైడ్రోమీటరు పెట్టి, 1.050తో మొదలైన చిక్కదనపు అంకె 1.012 దగ్గర కదలకుండా ఆగిందని చూశాకే నింపుతున్నాను. సీసాలు కూడా మందపాటివి, తిరిగి వాడుకునే రకానివి మాత్రమే. నింపాక వారం వెచ్చగా, రెండు వారాలు చల్లగా ఉంచాలి. ఆ తర్వాత రెండు నెలల్లో తాగేయాలి, దాచే సరుకు కాదిది.

పాత్ర మన్నిక ఫర్వాలేదు. మూడో ఏట కంట్రోలరు తెర ఆరిపోయింది. 55 యూరోల విడిభాగం కోసం ఐదు వారాలు, నాలుగు ఉత్తరాలు. పంపులో ఇరుక్కున్న గింజలు తీయడానికి ప్రతిసారి స్క్రూలు విప్పాలి. ఒక వాయికి ఆరున్నర గంటలు పడితే అందులో గంటన్నర కడగడమే. స్టీలు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. ఖర్చు సీసాకు అర యూరో పడుతోంది. నా కూలి కలపలేదు, కలిపితే మా ఆవిడ గెలుస్తుంది.

ఐదుకు మూడు ఇస్తాను. బార్లీ మాత్రమే కాచేవారైతే నాలుగనుకోండి.

పిండేసిన గింజలు పెద్దాయన చెల్లెలి కోళ్లకు వెళ్తాయి. ఆవిడ రెండు వారాలుగా అడుగుతోంది. కానీ ఫ్రిజ్ ఒక్కటే. బీరుకు 17 డిగ్రీలు, ఇడ్లీ పిండికి 30 కావాలి, రెండూ ఒకేసారి కుదరవు. ఈ శనివారం అతిథులున్నారు, ఫ్రిజ్ పిండిది. 42వ వాయి ఆపై శనివారం.