ప్రిజం హాఫ్ కళ్లజోడు +8: ఏళ్ల తరబడి వాడాక

మాక్యులా, అంటే కంటి వెనక పొర (రెటీనా) మధ్యభాగం, దెబ్బతిని చూపు మధ్యలో మసక కమ్మినవాళ్లకు మామూలు రీడింగ్ అద్దాలు చాలవు. +3 దగ్గర ఆగిపోయే పవర్‌తో పేపర్లో హెడ్డింగులు తప్ప ఏమీ అందవు. నేను వాడుతున్న, సగం ఎత్తు అద్దాలుండే +8 ప్రిజం హాఫ్ కళ్లజోడుతో వార్త మొత్తం చదవచ్చు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, చేతి భూతద్దంలో కన్నా ఎక్కువ అక్షరాలు ఒకేసారి కనిపిస్తాయి. అయినా కొని మూలన పడేసేవాళ్లు ఉన్నారంటే, అమ్మేటప్పుడు దూరం సంగతి చెప్పకపోవడమే ముఖ్య కారణం.

100ని పవర్‌తో భాగిస్తే కాగితం ఎన్ని సెంటీమీటర్లలో ఉండాలో తెలుస్తుంది. +8కి 12.5, +10కి 10. దూరపు చూపుకు అద్దాలు అక్కర్లేనివాళ్ల లెక్క ఇది. మైనస్ 4 సైటు ఉన్నవాళ్లు ఇదే జోడు పెట్టుకుంటే కాగితం 8 సెంటీమీటర్లకు రావాలి. ప్లస్ 2 వాళ్లకు 16, 17 దగ్గర కుదురుతుంది. ఒక్క సెంటీమీటరు జరిగినా అక్షరం చెదిరిపోతుంది. కాగితాన్ని ముక్కుకు ఆనించి, మెల్లగా వెనక్కి జరుపుతూ, తేటపడ్డ చోట ఆపాలి. ఆ తర్వాత తల తిప్పకుండా కాగితాన్నే ఎడమకు జరుపుతూ చదవాలి.

అంత దగ్గర చూడాలంటే రెండు కళ్లూ బాగా లోపలికి తిరగాలి, ఆ శ్రమ ఎక్కువసేపు నిలవదు. అందుకే ఆ శ్రమ తగ్గేలా వెలుతురును వంచే ప్రిజాన్ని, మందపు అంచు ముక్కువైపు ఉండేలా, అద్దంలో కలుపుతారు. పవర్‌కు 2 కలిపితే ఒక్కో కంటికి ఎంత ప్రిజమో వస్తుంది: +8కి 10. ఒక కంటి చూపు బాగా తక్కువైతే మాత్రం ప్రిజం వృథా బరువు, మెరుగైన కంటికే పవర్ వేయించుకోవడం మేలు.

బరువంతా ముక్కు మీదే పడుతుంది. ఫ్రేమ్ చిన్నదిగా, అద్దం చుట్టూ పూర్తి అంచుతో ఉండాలి. దారంతో పట్టి ఉంచే సగం రిమ్ములు ఈ మందానికి పనికిరావు. మెటల్ ఫ్రేమ్ నోస్‌ప్యాడ్ల దగ్గర చెమటకు పచ్చటి చిలుము పడుతుంది, జోడు జారుతుంది, జారితే దూరం లెక్క తప్పుతుంది. ముక్కు మీద వెడల్పుగా కూర్చునే ప్లాస్టిక్ ఫ్రేమే నాకు కుదిరింది. తేలికని పాలీకార్బొనేట్ తీసుకుంటే ప్రిజం వల్ల అక్షరాల అంచుల్లో రంగులు చిమ్ముతాయి. మామూలు ఫైబర్ లెన్సు కాస్త మందమైనా తేటగా ఉంటుంది.

వెలుతురు లేకపోతే ఏ పవరూ పనిచేయదు. ముఖం అంత దగ్గరికొస్తే పైనున్న లైటుకు తలే అడ్డం. మెరుగైన కంటివైపు, గడ్డం ఎత్తులో, ఒక అడుగు దూరంలో టేబుల్ ల్యాంపు పెట్టాలి. మెడనొప్పికి వ్యాసపీఠం మంచి మందు, కింద ఒక పెట్టె పెట్టి ఎత్తు పెంచాలి.

హాఫ్ జోడు కాబట్టి పైనుంచి గదిని చూడొచ్చు. అయినా పెట్టుకుని నడవకండి, కింది మెట్టు అద్దంలో పడి మసకబారుతుంది.

పవర్ ఎంచుకోవడానికి 6/60 చూపుకు (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసే అక్షరం 6 మీటర్ల దగ్గర మాత్రమే కనిపించడం) +10, 6/48కి +8 అన్నది మొదటి అంచనా మాత్రమే. ఇంగ్లిష్ కార్డు చదివించి ఖాయం చేస్తే ఒప్పుకోవద్దు. మన వత్తులు అసలు అక్షరం కన్నా చిన్నవి, థలో చుక్క ఇంకా చిన్నది. మీరు రోజూ చదివే పేపరే తీసుకెళ్లి, కనీసం పది నిమిషాలు ఆపకుండా చదివి చూడండి. కంటి ఆపరేషన్ తర్వాత సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేనప్పుడు వేసే పవర్) ఎక్కువగా మిగిలినవాళ్లు రెడీమేడ్ జోడు కొనకండి, అందులో సిలిండర్ ఉండదు. ఆర్డరిచ్చి చేయించుకోవాలి.