మూడు వేరియబుల్సా, ఒకే తేదీనా?

పాత ఫైళ్లను సర్దే చిన్న పైథాన్ స్క్రిప్టు రాసేటప్పుడు సంవత్సరం, నెల, రోజు విడివిడిగా పెట్టుకోవాలా, తేదీ మొత్తానికి ఒకే వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) చాలా? కొత్తగా కోడింగ్ మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే.

మూడుగా పెట్టుకోవడంలో ఒక సుఖం ఉంది. ఫోల్డర్ పేరు కట్టేటప్పుడు ఏ ముక్క ఎక్కడ పడుతుందో కళ్లకు కనిపిస్తుంది. ఇవాళ్టి తేదీతో బ్యాకప్ ఫోల్డర్ తెరవడం వరకే మీ పనైతే దాన్ని మార్చనక్కర్లేదు.

చిక్కంతా '30 రోజులు దాటినవి తీసెయ్' అన్న లైను దగ్గర వస్తుంది. మార్చి 5లోంచి 30 తీసేస్తే రోజు వేరియబుల్లో మైనస్ 25 మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి ఒక ఇఫ్ షరతు, ఫిబ్రవరికి ఇంకో ఇఫ్, లీపు సంవత్సరానికి మరొకటి. పైథాన్‌తోపాటే వచ్చే డేట్‌టైమ్ మాడ్యూల్లోని డేట్ వాడితే, ఇన్ని రోజులు అని చెప్పే టైమ్‌డెల్టాతో ఒక్క తీసివేత చాలు. 2023లో ఫిబ్రవరి 3, 2024లో ఫిబ్రవరి 4 అని అదే లెక్క తేలుస్తుంది. నేను డేట్ వైపు మొగ్గేది ఈ ఒక్క లైను కోసమే.

తేదీల్ని స్ట్రింగులుగానే, అంటే ఉత్త అక్షరాల వరుసగానే, పోల్చడం ఇంకా ప్రమాదం. మనకు అలవాటైన వరుసలో 02-12-2024, 15-01-2024 పక్కపక్కన పెట్టి చూడండి. స్ట్రింగ్ పోలిక ఎడమ నుంచి ఒక్కో అక్షరమే చూస్తుంది. సున్నా ఒకటికన్నా చిన్నది కాబట్టి డిసెంబరు ఫైలే పాతదంటుంది. నా స్క్రిప్టు ఒకసారి ఇలాగే కొత్త బిల్లుల స్కాన్లు చెరిపేసింది. ఫైళ్లను చెరిపే పైథాన్ ఆదేశం ఓఎస్ రిమూవ్‌తో పోయినవి రీసైకిల్ బిన్‌లో కూడా దొరకవు. అందుకే ఇప్పటికీ మొదటిసారి నడిపేటప్పుడు రిమూవ్ బదులు పేరును తెరపై చూపే ప్రింట్ పెట్టి, వచ్చిన పేర్లన్నీ చదువుకుంటాను.

ఫైలు పేరులో మాత్రం స్ట్రింగ్ తప్పదు. అక్కడ 2024-12-02 అని సంవత్సరం ముందు రాయండి. తేదీలు రాయడానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 వరుస ఇదే. పేర్లను అక్షరక్రమంలో పెడితే తేదీలూ వాటంతటవే వరుసలో పడతాయి. పైథాన్ 3.7 నుంచి ఫ్రమ్ఐసోఫార్మాట్ అనే ఫంక్షన్ ఆ స్ట్రింగ్‌ను నేరుగా డేట్‌గా మారుస్తుంది.

ఫైలు మార్పు తేదీనే వాడొచ్చుగా అంటారు. లాగ్ ఫైళ్లకు పర్లేదు. కానీ పైథాన్ షుటిల్ మాడ్యూల్లోని కాపీతో తీసిన నకలుకు కాపీ చేసిన రోజే పడుతుంది, పాత తేదీని అలాగే ఉంచే కాపీ2 వాడితే తప్ప.

డీ1, డీ2, టెంప్ లాంటి అర్థం చెప్పని వేరియబుళ్లన్నీ తీసేశాక మిగలాల్సిన తేదీలు రెండే: ఫైల్_డేట్, కటాఫ్ (దీనికన్నా పాతవి తీసెయ్యాలనే గడువు తేదీ). కటాఫ్‌ను, ఒక్కో ఫైలునూ చూసే లూప్ బయట ఒక్కసారే లెక్కగట్టండి. స్క్రిప్టు అర్ధరాత్రి దాటి నడిచినా ఫైళ్లన్నింటికీ ఒకే గడువు వర్తిస్తుంది.