విపశ్యన, భ్రామరి, నెలనెలా 20వ తేదీ: మూడేళ్లు దాటాక నా మాట

నాది అకౌంటెంట్ పని. నెలనెలా 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకోటి. క్లయింట్లు బిల్లులు పంపేది మాత్రం 19 రాత్రే. 2021లో బీపీ 150/100 తేలింది. డాక్టరు మాత్ర రాసిచ్చి, యోగా కూడా చేయమన్నారు.

కాలనీలో ఒక క్లాసులో చేరాను. మొదటి రోజే వంద కపాలభాతులు, అంటే పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి టకటకా బయటికి కొట్టడం. బీపీ ఉందా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చున్నాను. బీపీ ఉన్నవాళ్లు కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి కొట్టేవాటి జోలికి పోకూడదని తర్వాత తెలిసింది. ఇప్పుడు పొద్దున్నే ఇరవై నిమిషాలు భుజంగాసనం, ఒక్కో ముక్కురంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన, చివర్లో భ్రామరి. చెవులు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మంటుంటే దవడ దాకా అదురు తెలుస్తుంది. మా అమ్మాయి దీనికి 'నాన్న మిక్సీ' అని పేరు పెట్టింది.

అసలు కథ విపశ్యన అనే ధ్యానానిది. 2022 నవంబరులో, ఆ నెల 20 గండం గట్టెక్కాక, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రంలో పది రోజుల కోర్సుకు వెళ్లాను. 1976 నుంచీ ఉన్న కేంద్రం అది. ఫోను ఆఫీసులో ఇచ్చేయాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు. తెల్లవారుజామున 4కి గంట కొడతారు, ఆరున్నరకు టిఫిన్, 11కి భోజనం, సాయంత్రం 5కి పళ్లు, టీ. ఆ రోజుకు తిండి అంతే. ఆసనాలు కూడా వద్దంటారు. ఫీజు లేదు. కోర్సు పూర్తి చేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు.

మొదటి మూడు రోజులూ ఊపిరే. ముక్కు కింద, పై పెదవి మీద ఉన్న ఆ చిన్న చోటునే గమనిస్తూ ఉండాలి. రెండో రోజు నా బుర్ర ఊపిరి వదిలేసి, ఒక క్లయింటు ఇన్‌పుట్ క్రెడిట్‌లో, అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీ లెక్కలో, 18,400 రూపాయల తేడా ఎక్కడొచ్చిందో వెతుక్కుంది. దొరికింది కూడా! రాసుకుందామంటే పెన్ను లేదు.

నాలుగో రోజు అసలు విపశ్యన నేర్పుతారు, అంటే ఒంట్లో ఎక్కడ ఏం తెలిసినా స్పందించకుండా గమనించడం. అక్కడి నుంచి రోజుకు మూడుసార్లు, గంటసేపు కదలకుండా కూర్చోవాలి. నలభయ్యో నిమిషానికి నా ఎడమ మోకాలు కొలిమిలో పెట్టినట్టుండేది. కదపకుండా చూస్తూ కూర్చుంటే, అది ఒకటే నొప్పి కాదని తెలిసింది. పొడుస్తుంది, ఆగుతుంది, పక్కకు జరుగుతుంది, మళ్లీ పొడుస్తుంది. అయినా ఆరో రోజు పారిపోదామని బ్యాగు సర్దాను. మళ్లీ విప్పాను.

ఇండియాలో ఈ కోర్సులు మొదలుపెట్టిన ఎస్.ఎన్. గోయెంకా గారికి ఈ విద్య నేర్పిన సయాజీ ఊ బా ఖిన్ బర్మాలో అకౌంటెంట్ జనరల్‌గా చేశారట. ఒక లెక్కలాయన గురువు కావడం నాకెందుకో ధైర్యమిచ్చింది.

ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమన్నారు. మూడు నెలలు చేశాను. ఇప్పుడు పొద్దున పాతిక నిమిషాలు, సాయంత్రం పది. ఆ పదిలో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే పని కూడా నాదే.

టెన్షన్ పోయిందా అంటే పోలేదు. బీపీ మాత్ర ఇంకా వేసుకుంటూనే ఉన్నాను, మీరూ ఆపకండి. తేడా ఎక్కడంటే, నేను నాకు ముందే దొరికిపోతున్నాను. పళ్లు బిగబట్టాననీ, భుజాలు చెవుల దాకా లేచాయనీ వెంటనే తెలుస్తోంది. ఇదివరకు ఆ సంగతి జూనియర్ మీద అరిచాక గానీ తెలిసేది కాదు. నిద్ర మాత్రం గట్టిగా మెరుగుపడింది. ఒంటి గంట దాకా దొర్లేవాణ్ణి, ఇప్పుడు శవాసనంలోనే గురక పెడుతున్నానట.

కోర్సుకు వెళ్లాలనుకుంటే ముందు నెల రోజులు ఇంట్లో ఇరవై నిమిషాలు కూర్చుని చూడండి. డిప్రెషన్‌కో మరే మానసిక సమస్యకో మందులు వాడుతుంటే డాక్టర్ని అడగండి. దరఖాస్తులో దాని గురించి అడుగుతారు. నేను క్లాసులో బీపీ దాచినట్టు దాచకండి.

మొన్న 19న రాత్రి పదకొండున్నరకు ఫోను. "సార్, ఇంకో మూడు బిల్లులున్నాయి." ముక్కు కింద ఊపిరి వేడిగా తగిలింది. "పంపండి" అన్నాను. తర్వాత తిట్టుకున్నాను, అదీ మనసులోనే.