ఆషాఢంలోనూ బిల్లు పంపని సాఫ్ట్‌వేర్: ఫ్రీలాన్స్ వీడియో పనికి డావించి రిజాల్వ్

పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు, చిన్న సంస్థల ప్రకటనలు, యూట్యూబ్ పాటలు చేస్తూ సొంతంగా నిలదొక్కుకోవాలనుకునేవారికి వీడియోను ఎడిట్ చేసి రంగులు దిద్దే డావించి రిజాల్వ్ ఎంతవరకు పనికొస్తుంది, ఉచిత వెర్షన్‌తో ఎంత దూరం వెళ్లవచ్చు, డబ్బు పెట్టి స్టూడియో వెర్షన్ కొనవలసిన సమయం ఎప్పుడు వస్తుంది అన్నవి ఈ సమీక్షకు విషయాలు. కేవలం ఫోటోలు తీసేవారి అవసరాలు వేరు కనుక వాటి జోలికి పోవడం లేదు. ఫోటోల నుంచి వీడియోలోకి, వీడియో నుంచి సినిమా పనిలోకి అడుగుపెడుతున్నవారిని ఉద్దేశించి రాస్తున్నాను.

ముందుగా డబ్బు సంగతి, ఎందుకంటే ఫ్రీలాన్సరు ఏ పరికరాన్నైనా చూడవలసినది అక్కడి నుంచే. తెలుగునాట పెళ్లిళ్ల మీద ఆధారపడిన కెమెరా పనికి ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ మాసాలు. గురు మూఢమో శుక్ర మూఢమో తోడైతే ఆ ఖాళీ ఇంకా సాగుతుంది. బుకింగ్ రోజు అడ్వాన్సు వస్తుంది, మిగిలిన మొత్తం చాలాసార్లు ఆల్బమ్, వీడియో చేతికి అందించిన తర్వాతే వస్తుంది. ఇలా ముహూర్తాల వెంట నడిచే ఆదాయానికి నెలనెలా చందా కట్టించుకునే సాఫ్ట్‌వేర్లు సరిపడవు. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌కు గడువు లేదు, దానితో వృత్తిపరమైన పని చేసి డబ్బు తీసుకోవడానికి అడ్డు లేదు, స్టూడియోకే పరిమితమైన ఎఫెక్టులను వాడితే తప్ప వీడియో మీద ముద్ర పడదు. స్టూడియో వెర్షన్ ధర 295 డాలర్లు, పన్నులు అదనం. ఒకసారి కడితే చాలు. ఇప్పటివరకు వచ్చిన పెద్ద అప్‌డేట్లన్నీ పాత కొనుగోలుదారులకు అదనపు రుసుము లేకుండానే అందాయి.

ఈ ధర వెనుక చరిత్ర తెలిస్తే ఆ ఉదారత మీద అనుమానం కొంత తగ్గుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన డావించి సిస్టమ్స్ సంస్థ ఒకప్పుడు ఈ రంగుల వ్యవస్థను ప్రత్యేక యంత్రాలతో కలిపి లక్షల డాలర్లకు స్టూడియోలకు అమ్మేది. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ సంస్థను కొని, మరుసటి ఏడాది మ్యాక్ మీద నడిచే సాఫ్ట్‌వేరును 995 డాలర్లకు తెచ్చింది, 2011లో ఉచిత వెర్షన్ విడుదల చేసింది. 2017లో శబ్దానికి ఫెయిర్‌లైట్, 2018లో విజువల్ ఎఫెక్టులకు ఫ్యూజన్ వచ్చి చేరాయి. ఆ కంపెనీ అసలు వ్యాపారం కెమెరాలు, స్విచర్లు, కంట్రోల్ ప్యానెళ్లు. సాఫ్ట్‌వేరుకు అలవాటు పడినవాడు ఏదో ఒక రోజు ఆ వస్తువుల వైపు చూస్తాడన్నది వారి లెక్క. ఆ లెక్క మనకు నష్టం కలిగించేది కాదు.

రిజాల్వ్ బలమంతా రంగుల పేజీలో ఉంది. మన సినిమావాళ్లు డీఐ అని పిలిచే, షాట్ల రంగులు దిద్దే పని కోసమే పుట్టిన వ్యవస్థ ఇది, పెళ్లి వీడియోకు వాడినప్పుడు కూడా ఆ పుట్టుక తెలిసిపోతుంది. మన పెళ్లిళ్ల వెలుగు కెమెరాకు ఎంత కష్టమో ఆలోచించండి: మంగళస్నానాల వేళ ముఖమంతా పసుపు, మండపం చుట్టూ ఊదా రంగు ఎల్‌ఈడీలు, వధువు ఎర్ర పట్టుచీర, జరీ మీద పడి వెనక్కి కొట్టే వీడియో లైటు. పసుపు రంగూ చర్మఛాయా రంగుల చక్రంలో పక్కపక్కనే ఉంటాయి కనుక, రంగును ఎంచుకునే క్వాలిఫయర్ ఒక్కటే వాడితే రెండూ కలిసే వస్తాయి. ముఖం చుట్టూ ఒక విండో గీసి, దానిని ట్రాకింగ్‌తో కదిలించి, ఆ లోపల మాత్రమే క్వాలిఫయర్ పనిచేసేలా చేస్తే పసుపు పసుపుగానే ఉండి చర్మం సహజంగా కనిపిస్తుంది. రంగులను గ్రాఫుగా చూపే వెక్టర్‌స్కోప్‌లో చర్మఛాయకు ఉండే గీతను చూసుకుంటూ ఈ పని చేస్తే మానిటర్ మీద అతిగా ఆధారపడవలసిన అవసరం తగ్గుతుంది. ఎర్ర చీర విషయంలో కర్వులతో ఎరుపు గాఢతను కాస్త తగ్గించకపోతే మడతలన్నీ కలిసిపోయి ఒకే ముద్దగా మారతాయి. ఇంత సూక్ష్మమైన సాధనాలన్నీ ఉచిత వెర్షన్‌లోనే ఉన్నాయన్నది చాలామంది గమనించని విషయం.

రెండు మూడు రకాల కెమెరాలతో తీసిన పెళ్లికి గ్రూపుల సదుపాయం మరీ మేలు చేస్తుంది. ఒక కెమెరా క్లిప్పులన్నిటినీ ఒక గ్రూపులో పెట్టి, దాని లాగ్ ప్రొఫైలును (వెలిసిన రంగులతో రికార్డయ్యే రూపాన్ని) మామూలు రంగులకు మార్చే నోడును (దిద్దుబాటు గడిని) ఒక్కసారి వేస్తే అన్నిటికీ వర్తిస్తుంది. బాగా కుదిరిన గ్రేడును, అంటే రంగుల దిద్దుబాటును, పవర్‌గ్రేడుగా దాచుకుంటే మరో ప్రాజెక్టులో కూడా పిలుచుకోవచ్చు. నాలుగైదు సీజన్లు గడిచేసరికి అలా పోగుపడిన గ్రేడ్లు ఫ్రీలాన్సరుకు చిన్న ఆస్తి అవుతాయి. బజారులో దొరికే లట్ (ముందే సిద్ధం చేసిన రంగుల మార్పు) ప్యాకులు కొనడం కంటే ఇదే మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ లట్లు తయారుచేసినవారు మన ఫంక్షన్ హాళ్ల వెలుతురును లెక్కలోకి తీసుకుని ఉండరు.

ఉచిత వెర్షన్ హద్దులు కూడా అంతే స్పష్టంగా తెలుసుకోవాలి. దాని నుంచి 3840 బై 2160 కొలతకు, సెకనుకు 60 ఫ్రేములకు మించిన వీడియో బయటికి రాదు. ఈ హద్దు పెళ్లి పనికి అడ్డే కాదు. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఇటీవలి మిర్రర్‌లెస్ కెమెరాలు 8 బిట్ కంటే ఎక్కువ రంగు వివరాన్ని పట్టే 10 బిట్ 4:2:2లో హెచ్.265 లేదా హెచ్.264 అనే కుదింపు పద్ధతుల ఫైళ్లు రాస్తాయి, వాటిని విండోస్‌లోని ఉచిత వెర్షన్ నేరుగా తెరవదు. లినక్స్‌లో అయితే ఉచిత వెర్షన్‌కు హెచ్.264 ఫైళ్లే పనికిరావు. అందువల్ల కొత్త కెమెరా కొన్న ఉత్సాహంలో కూర్చున్నవారికి టైమ్‌లైన్ మీద శబ్దం వినిపిస్తూ బొమ్మ కనిపించని పరిస్థితి ఎదురుకావచ్చు. షటర్ ఎన్‌కోడర్ వంటి ఉచిత సాధనంతో ఫైళ్లను ఎడిటింగుకు అనువైన డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్ రూపంలోకి మార్చుకోవడం దీనికి విరుగుడు. అయితే సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన 4కె వీడియో గంటకు సుమారు 45 జీబీ ఉంటే, మార్చిన తర్వాత అదే గంట 300 జీబీకి దగ్గరవుతుంది. రెండు కెమెరాలతో ఒక పూర్తి పెళ్లి తీస్తే హార్డ్ డిస్కుల ఖర్చు ఎక్కడికి పోతుందో ఎవరైనా లెక్కవేసుకోవచ్చు. ఈ స్థితికి చేరినవారికి స్టూడియో వెర్షనే చవక.

స్టూడియో కొనడానికి మరో బలమైన కారణం నాయిస్ రిడక్షన్, అంటే తక్కువ వెలుగులో తీసిన వీడియోలో కనిపించే గరుకును తగ్గించడం. తెల్లవారుజామున మూడు గంటలకో నాలుగు గంటలకో ముహూర్తం, జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో చుట్టూ బంధువులు కమ్ముకుని లైటు అడ్డుకోవడం, ఐఎస్‌ఓ పెంచక తప్పకపోవడం ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్త కాదు. స్టూడియోలోని టెంపోరల్ నాయిస్ రిడక్షన్ పక్క ఫ్రేములను పోల్చి గరుకును తొలగిస్తుంది కనుక ముఖం మైనపు బొమ్మలా మారకుండా శుభ్రపడుతుంది, కాకపోతే గ్రాఫిక్స్ కార్డును గట్టిగా పనిచేయిస్తుంది. మనిషిని నేపథ్యం నుంచి వేరుచేసే మ్యాజిక్ మాస్క్, మేళతాళాల మధ్య మాటను పైకి తెచ్చే వాయిస్ ఐసొలేషన్ కూడా స్టూడియోకే పరిమితం. వాయిస్ ఐసొలేషన్ ఇంటర్వ్యూలకు, కార్పొరేట్ వీడియోలకు బాగా అక్కరకొస్తుంది. పెళ్లిలో మాత్రం నాదస్వరాన్ని తొలగించమని ఎవరూ అడగరు.

యానిమేషన్ చేయాలనుకునేవారు ఫ్యూజన్ పేజీ నుంచి ఏమి ఆశించాలో ముందే తేల్చుకోవాలి. కదిలే అక్షరాలు, లోగో యానిమేషన్లు, స్క్రీన్ మార్పిడి, తీగలు చెరపడం, గ్రీన్ మ్యాట్ కంపోజిటింగ్ వంటి పనులకు ఇది సమర్థమైన సాధనం. పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చే పద్ధతికి అలవాటుపడినవారికి నోడ్ల పద్ధతి మొదట్లో చికాకు పుట్టిస్తుంది, కానీ సినిమాల కంపోజిటింగ్ అంతా దాదాపుగా నోడ్లతోనే జరుగుతుంది కనుక ఇక్కడ పట్టిన అలవాటు విఎఫ్ఎక్స్ సంస్థలో పని దొరికినప్పుడు వృథా పోదు. పాత్రల యానిమేషన్‌కు మాత్రం ఇది చోటు కాదు. దానికి 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా ఉన్న బ్లెండర్ ఉంది, గ్రీజ్ పెన్సిల్‌తో అందులో రెండు కొలతల బొమ్మలు కూడా గీయవచ్చు. బ్లెండర్‌లో రెండర్ చేసిన ఫ్రేములను ఈఎక్స్‌ఆర్ అనే బొమ్మల ఫైళ్ల వరుసగా తెచ్చి రిజాల్వ్‌లో రంగు, శబ్దం పూర్తిచేయడం ఖర్చు లేని మంచి జోడీ. తెలుగు టైటిళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి: ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడాలంటే, ముఖ్యంగా యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని చేసేవారైతే, అక్షరాలను డిజైన్ సాఫ్ట్‌వేరులో తయారుచేసి పారదర్శక నేపథ్యంతో పీఎన్‌జీగా తెచ్చుకోవడం నిశ్చింత. పెళ్లికూతురి పేరులో ఒత్తు జారిపోతే మీ గ్రేడింగ్ ఎంత బాగున్నా ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఫెయిర్‌లైట్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, షార్ట్ ఫిల్ముకు కావలసిన మిక్సింగ్ అందులో హాయిగా జరుగుతుంది.

ప్రాజెక్టులను దాచే తీరు కొత్తవారిని తికమక పెడుతుంది. రిజాల్వ్‌లో ప్రాజెక్టు ఒక విడి ఫైలుగా ఫోల్డరులో కనిపించదు, ప్రాజెక్ట్ లైబ్రరీ అనే డేటాబేసులో ఉంటుంది. అందుచేత వీడియో ఫైళ్లను మాత్రమే బ్యాకప్ చేసి, విండోస్‌ను మళ్లీ ఎక్కించేవారు ఎడిటింగ్ మొత్తాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది. పని ముగిసిన ప్రతి ప్రాజెక్టునూ డీఆర్‌పీ ఫైలుగా ఎగుమతి చేసి, క్లయింటు డేటా ఉన్న డిస్కులోనే ఉంచడం మంచి పద్ధతి. కొత్త వెర్షన్‌లో ఒకసారి మార్చిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో తెరుచుకోదు కనుక, వేరే ఎడిటరుతో పంచుకునే పని మధ్యలో అప్‌డేట్ జోలికి వెళ్లకూడదు.

సాఫ్ట్‌వేరు ఉచితమైనా దానిని మోసే కంప్యూటరు ఉచితం కాదు. 16 జీబీ మెమరీ, ఫ్యూజన్ వాడితే 32 జీబీ ఉండాలని తయారీదారే సూచిస్తున్నారు. భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది కనుక 8 జీబీ వీడియో మెమరీకి తక్కువైన కార్డుతో 4కె నాయిస్ రిడక్షన్ చేయాలనుకోవడం ఓపికకు పరీక్ష. పాత లాప్‌టాప్ ఉన్నవారు ప్రాక్సీ (తక్కువ నాణ్యత నకలు) ఫైళ్లతో ఎడిట్ చేసి, చివరలో అసలు ఫైళ్లకు మారే పద్ధతి నేర్చుకుంటే చాలాకాలం నెట్టుకురావచ్చు.

వృత్తి దృష్టితో చూస్తే ఈ సాఫ్ట్‌వేరు తెరిచే అసలు తలుపు, గ్రేడింగును విడి సేవగా అమ్ముకునే అవకాశం. సీజనులో వేరే ఫోటోగ్రాఫర్ల దగ్గర ఎడిట్ పూర్తయిన వీడియోలు పేరుకుపోతాయి, వారికి రంగు దిద్దే తీరిక ఉండదు. నిమిషానికి ఇంత అని ధర చెప్పి, ఎన్ని సవరణలు చేస్తారో ముందే కాగితం మీద రాసుకుంటే ఇంటి నుంచే పని నడుస్తుంది. హైదరాబాద్‌లోని కృష్ణానగర్, యూసఫ్‌గూడ ప్రాంతాల ఎడిటింగ్ గదుల్లోనో డీఐ గదుల్లోనో సహాయకుడిగా చేరాలనుకునేవారికి ఎక్స్‌ఎంఎల్ (ఎడిట్ వివరాల ఫైలు) తెచ్చి కన్ఫర్మ్ చేయడం (ఎడిట్‌ను అసలు ఫైళ్లతో మళ్లీ కూర్చడం), షాట్లను జతపరచడం తెలిసి ఉంటే మొదటి రోజు నుంచే చేతికి పని దొరుకుతుంది. నేర్చుకోవడానికి వేలకు వేలు కట్టి కోర్సులో చేరవలసిన అవసరం లేదు. తయారీదారే శిక్షణ పుస్తకాలను, వాటికి కావలసిన వీడియో ఫైళ్లను తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచారు. అవి ఆంగ్లంలో ఉన్నా అడుగడుగునా బొమ్మలు ఉన్నందున అనుసరించడం కష్టం కాదు.

నా తీర్పు ఇది. 8 బిట్ కెమెరా ఉన్నవారు ఉచిత వెర్షన్‌తోనే మొదలుపెట్టి, అడ్డు తగిలేవరకు డబ్బు పెట్టకూడదు. విండోస్ మీద 10 బిట్ ఫైళ్లతో పని చేసేవారు, తెల్లవారుజాము ముహూర్తాలు తరచుగా తీసేవారు స్టూడియో కొనడానికి వెనుకాడనవసరం లేదు. ఎడిటింగ్ బయటికి ఇచ్చి కేవలం షూటింగ్ చేసుకునేవారికి ఇది అక్కర్లేదు. కొనేటప్పుడు యాక్టివేషన్ కీ తీసుకుంటే ఒకేసారి రెండు కంప్యూటర్లలో వాడుకోవచ్చు, లైసెన్సు ఉండే యూఎస్‌బీ డాంగిల్ తీసుకుంటే ఏ కంప్యూటరుకు గుచ్చితే అక్కడ పనిచేస్తుంది కానీ పోతే లైసెన్సూ దానితోనే పోతుంది. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా కొనే ఆలోచన ఉన్నవారు ఆగి, దానితోపాటు స్టూడియో లైసెన్సు వస్తుందో లేదో ముందు డీలరును అడగడం మంచిది. డీలరు దగ్గర జీఎస్టీ బిల్లు తప్పక అడగండి; ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటక రిజిస్ట్రేషన్ లేనివారికి ఆ 18 శాతం పన్ను తిరిగి రాదు కనుక, దానిని కూడా ధరలో కలిపే లెక్కవేసుకోవాలి.