చారిటీ నావిగేటర్ ఎంతవరకు నమ్మొచ్చు? నా రివ్యూ

అమెరికాలో ఏదైనా చారిటీకి డబ్బులిచ్చే ముందు చాలామంది చూసే సైట్ ఇది, 2001 నుంచి ఉంది, చూడ్డానికి ఫ్రీ, అదీ ఒక నాన్ ప్రాఫిటే. అక్కడ చారిటీలకి స్టార్లతో రేటింగ్ ఇస్తారు, జనం నాలుగు స్టార్లు ఉన్నాయా లేవా చూసి క్లోజ్ చేసేస్తారు గానీ నాకైతే స్టార్ల కన్నా ఎక్కువ పనికొచ్చేది అక్కడుండే తొమ్మిదంకెల ఈఐఎన్ నంబరే, అంటే అమెరికా పన్నుల శాఖ ఒక్కో సంస్థకీ ఇచ్చే గుర్తింపు నంబర్. ఎందుకంటే మోసాలు ఎక్కువగా పేరు దగ్గరే మొదలవుతాయి, పేరున్న సంస్థ పేరులో ఒక మాట అటూ ఇటూ మార్చి ఫోన్ చేస్తారు, వినేవాళ్లకి తేడా తెలీదు. ఈఐఎన్ అడగండి, నసిగితే ఫోన్ పెట్టేయండి, చెప్తే ఆ నంబర్ సైట్‌లో కొట్టి చూడండి. గిఫ్ట్ కార్డులో క్రిప్టోలో పంపండి ఇప్పుడే అంటే మాత్రం ఇక ఆ వెతుకులాట కూడా దండగ.

అయితే ఈఐఎన్ ఉంటే చాలా అంటే చాలదు. 2015లో ఎఫ్‌టీసీ (వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ), 50 రాష్ట్రాలూ కలిసి కేసు వేసిన క్యాన్సర్ ఫండ్ ఆఫ్ అమెరికా, దాని తోటి సంస్థలు మూడు, అన్నీ రిజిస్టర్ అయినవే! రోగుల పేరు చెప్పి 18.7 కోట్ల డాలర్లు వసూలు చేసి అందులో చాలావరకు సొంతానికీ, బంధువులకీ, ఫండ్‌రైజింగ్ కంపెనీలకీ పెట్టారని కేసు. ఇలాంటివి పట్టుకోవాలంటే చారిటీలు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఏటా ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990 తెరిచి జీతాలెంత, ఫండ్‌రైజింగ్‌కి ఎంత పోయింది చూడాల్సిందే, కొంచెం బోరే కానీ తప్పదు. అలాగని ఆఫీసు ఖర్చు కాస్త ఎక్కువుందని దొంగలనేయకండి, ఆ ఒక్క లెక్కతో తేల్చొద్దని 2013లో చారిటీల వివరాలిచ్చే మరో రెండు సంస్థలు గైడ్‌స్టార్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్‌తో కలిసి చారిటీ నావిగేటర్ వాళ్లే బహిరంగ లేఖ రాశారు.

సైట్‌కి మైనస్ ఏంటంటే లెక్కలు పాతవి, 990 ఫైల్ అయ్యేసరికే ఆ ఏడాది గడిచిపోయి నెలలవుతుంది, కాబట్టి నిన్న తుఫానొస్తే ఇవాళ పుట్టిన సంస్థ గురించి అందులో ఏమీ ఉండదు. చర్చిలు ఆ ఫారం ఇవ్వక్కర్లేదు, ఏడాదికి 50,000 డాలర్లలోపు వచ్చే చిన్న సంస్థలు ఒక ఈ-పోస్ట్‌కార్డ్ ఇస్తే సరిపోతుంది, అందుకే స్టార్లు లేవంటే ఫేక్ అనుకోవద్దు. ఎవరైనా విరాళాలు అడగగలిగే సైట్ గోఫండ్‌మీలో ఎవరో మనిషి పెట్టిన విన్నపం నిజమో కాదో మాత్రం ఇందులో దొరకదు, దానికి ఆ మనిషిని తెలిసినవాళ్లని అడగడమే.