మూడో లైనక్స్‌తో కుదురుకున్న బోర్డు: రిస్క్-ఫైవ్‌తో రెండున్నరేళ్లు

రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్‌తో నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు కొనాలనుకునేవారు దానికి ఆర్డరు పెట్టే రోజే ఒక సీరియల్ కేబుల్ (బోర్డు చెప్పే మాటలను వేరే కంప్యూటర్‌లో అక్షరాలుగా చూపించే తీగ) కూడా తెప్పించుకోండి. రెండు మూడు వందల రూపాయలకు వస్తుంది. నేను ఆ పని చేయలేదు. అందుకే మొదటి తొమ్మిది రోజులు చీకటి తెర ముందు కూర్చున్నాను. బోర్డు పాడైందో, మెమరీ కార్డు పాడైందో, నా బుర్ర పాడైందో తెలియని స్థితి అది.

2023 మే నెలలో కొన్నాను. చిప్ పేరు జేహెచ్7110, స్టార్‌ఫైవ్ వారిది. లోపల 1.5 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే సైఫైవ్ యూ74 కోర్లు నాలుగు. నాది 8 జీబీ మెమరీ ఉన్న రకం. రెండు గిగాబిట్ ఈథర్నెట్ పోర్టులు, నాలుగు యూఎస్‌బీ పోర్టులు, అడుగున ఎస్ఎస్‌డీ పెట్టుకోవడానికి ఒక ఎం.2 స్లాటు ఉన్నాయి. ఇదే చిప్‌తో మూడు నాలుగు సంస్థలు బోర్డులు అమ్ముతున్నాయి. వాటి మీద లైనక్స్ ఎక్కించే తంతు దాదాపు ఒకటే కాబట్టి నాది ఎవరి తయారీయో చెప్పడం లేదు. అన్ని ఖర్చులూ కలిపి పదివేలు దాటింది.

ఎందుకు కొన్నానని అడిగితే సూటిగా చెప్పగలిగే కారణం లేదు. ఇన్నేళ్లు ఇంటెల్, ఆర్మ్ ప్రాసెసర్ల మీదే పనిచేశాను. ఎవరికీ రుసుము కట్టకుండా ఎవరైనా చిప్ తయారు చేసుకోగల రిస్క్-ఫైవ్ అనే ఆదేశాల సముదాయం ఒకటి 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిందనీ, మన మద్రాసు ఐఐటీలో ‘శక్తి’ ప్రాసెసర్లకు కూడా అదే ఆధారమనీ చదివినప్పటి నుంచి మనసు లాగింది. ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మాత్రం డబ్బా తెరవగానే తేల్చేశాడు: “మామయ్యా, ఇదే డబ్బుకు రాస్ప్‌బెర్రీ పై కొంటే ఇంతకంటే వేగంగా ఉండేది కదా!” వాడన్నది నిజమే. ఈ రోజుకీ నిజమే.

మొదటి ఏడాది తయారీదారు ఇచ్చిన ఇమేజ్‌తో, అంటే కార్డు మీద నేరుగా రాసుకునే తయారు లైనక్స్‌తో గడిచింది. పైకి డెబియన్ అనే లైనక్స్ పంపిణీలాగే కనిపించేది. నిజానికి అది ఒకానొక రోజున తీసి గడ్డకట్టించిన డెబియన్. అప్పటికి డెబియన్ ఈ ప్రాసెసర్ కుటుంబాన్ని అధికారికంగా చేర్చుకోలేదు, పోర్ట్స్ అనే వసారాలో ఉంచింది. అధికారిక జాబితాలో చేరింది 2023 జులైలో. ఇమేజ్‌లోని కెర్నెల్ (లైనక్స్‌కు గుండె లాంటిది), గ్రాఫిక్స్ డ్రైవర్లు తయారీదారు సొంతంగా అతికించినవి. హెచ్‌డీఎంఐ తీగ పెడితే డెస్క్‌టాప్ వచ్చేది, బ్రౌజర్ తెరుచుకునేది. ఏ కంప్యూటర్ మీదైనా వారానికోసారి చేసే పనే కదా అని ఒక ఆదివారం ప్యాకేజీలన్నీ అప్‌గ్రేడ్ చేశాను. మళ్లీ ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది. మొత్తం తుడిచి మొదటి నుంచి ఎక్కించాను. రెండు నెలల తర్వాత బుద్ధి లేక అదే పని మళ్లీ చేశాను, అదే ఫలితం వచ్చింది. అప్పుడు బోర్డు డబ్బా మీద “అప్‌గ్రేడ్ చేయరాదు” అని చీటీ రాసి అంటించాను. ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రానికి భద్రతా సవరణలు పెట్టకుండా ఉండటం గుమ్మానికి తలుపు బిగించకుండా కాపురం ఉండటం లాంటిది. ఆ ఏడాదంతా దాన్ని ఇంటి నెట్‌వర్క్ దాటనివ్వలేదు.

ఇక ఆ కేబుల్ కథ. మామూలు కంప్యూటర్‌ను లేపే బయాస్ లాంటిది ఈ బోర్డులో లేదు. కరెంటు ఇవ్వగానే చిప్‌లో చెక్కి ఉన్న చిన్న ప్రోగ్రాం లేస్తుంది. అది యూ-బూట్ అనే లేపుడు ప్రోగ్రాం తొలి భాగాన్ని తెచ్చుకుంటుంది, ఆ భాగం మెమరీని సిద్ధం చేసి ఓపెన్‌ఎస్‌బీఐ అనే అడుగు పొరను నిలబెడుతుంది, ఆ తర్వాత అసలు యూ-బూట్ వచ్చి కెర్నెల్‌ను వెతుకుతుంది. ఈ వరుసలో ఎక్కడ తప్పు జరిగినా ఫిర్యాదు చెప్పేది సీరియల్ తీగ మీదే. తెరకు ఆ సంగతే తెలియదు. నలభై పిన్నుల వరుసలో 6 గ్రౌండ్, 8 పంపేది, 10 అందుకునేది. వేగం 115200. అడాప్టర్ 3.3 వోల్టులదై ఉండాలి. 5 వోల్టులది పెడితే చిప్‌కే చేటు. కేబుల్ వచ్చాక కూడా నాకు ఒక సాయంత్రం వృథా అయింది. ఒకరి నోటిని రెండోవారి చెవికి కలపాలి. నేను నోటిని నోటికి, చెవిని చెవికి కలిపి, ఇద్దరూ మాట్లాడుకోవడం లేదేమిటని ఎదురుచూశాను.

బోర్డు మీద రెండు బుల్లి స్విచ్చులుంటాయి. ఎక్కడి నుంచి లేవాలో చిప్‌కు అవే చెబుతాయి: ఫ్లాష్ మెమరీ, కార్డు, ఈఎంఎంసీ మెమరీ, లేదా సీరియల్ తీగ. చాలామంది కార్డు మీద లైనక్స్ రాశాం కదా అని స్విచ్చులను కార్డు వైపు తిప్పుతారు. అలా చేయకండి. రెండింటినీ ఫ్లాష్ వైపే ఉంచండి. బోర్డుకు అతికించి ఉన్న 16 ఎంబీ ఫ్లాష్‌లోని యూ-బూట్ లేచి, కార్డునో ఎస్ఎస్‌డీనో అదే వెతుక్కుంటుంది. స్విచ్చుల పక్కన ముద్రించిన అంకెలు చదవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది. వయసు మీద పడుతోంది అనుకోండి.

బోర్డుతో వచ్చిన యూ-బూట్ పాతది, కొత్త పంపిణీలను గుర్తించదు. కాబట్టి ఫ్లాష్‌ను తిరగరాయక తప్పదు. నేను రాస్తున్న సాయంత్రం ఈదురుగాలి వచ్చింది, సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ పక్క గదిలోనే ఉంది. దానికి తగిలించాలన్న ఆలోచన మాత్రం కరెంటు పోయాకే వచ్చింది. తిరిగి వచ్చేసరికి బోర్డు మూగది. ఒక రాత్రంతా దుఃఖించి, మర్నాడు స్విచ్చులు రెండింటినీ సీరియల్ స్థానానికి తిప్పి చూశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరం ‘సీ’ వరుసగా పడటం మొదలైంది: సీ సీ సీ సీ. నాకు మాత్రం ఛీ ఛీ ఛీ అన్నట్టే వినిపించింది. నిజానికి అది తిట్టు కాదు, పిలుపు. ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో ఫైలు పంపండి, అందుకుంటాను అని చిప్ అడుగుతోంది. రికవరీ ఫైలు పంపాను, అది ఒక చిన్న మెనూ చూపింది, ఫ్లాష్‌ను మళ్లీ రాశాను. ఇరవై నిమిషాల పని. ఆ చిన్న ప్రోగ్రాం చిప్‌లోనే చెక్కి ఉంటుంది కాబట్టి ఫ్లాష్‌లో ఎంత చెత్త రాసినా ఈ బోర్డును పూర్తిగా చంపడం కష్టం. దీని గురించి నాకు బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

2024లో ఉబుంటు అనే మరో లైనక్స్ పంపిణీకి, దాని 24.04 విడుదలకు మారాను. ఏ ఇబ్బందీ లేకుండా ఏడాది నడిచింది కనుక చెప్పడానికి పెద్దగా లేదు. చిక్కు తర్వాత వచ్చింది. 25.10 నుంచి ఉబుంటు ఆర్‌వీఏ23 అనే ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది. 2024 అక్టోబరులో ఖరారైన ఆ ప్రమాణం ప్రకారం ప్రాసెసర్‌లో వెక్టర్ ఆదేశాలు (ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసేవి) ఉండాలి. యూ74లో అవి లేవు. అంటే ఏళ్ల తరబడి సవరణలు అందే ఉబుంటులలో ఈ బోర్డు దారి 24.04 దగ్గరే ఆగిపోయింది. దానికి సవరణలు ఇంకొన్నేళ్లు వస్తాయి కాబట్టి ఇప్పటికిప్పుడు పారిపోనక్కరలేదు. కానీ దారి మూసుకుపోయిందని తెలిశాక అదే వీధిలో ఇల్లు కట్టుకోబుద్ధి కాలేదు.

డెబియన్ 13 ‘ట్రిక్సీ’ 2025 ఆగస్టు 9న విడుదలైంది. రిస్క్-ఫైవ్‌కు అధికారిక మద్దతుతో వచ్చిన తొలి డెబియన్ ఇదే. వెక్టర్ ఆదేశాలు అడగదు. ముందుగా డెబియన్ ప్యాకేజీలలోనే దొరికే యూ-బూట్‌ను ఫ్లాష్‌లోకి రాశాను, ఈసారి యూపీఎస్ మీద. ఈ యూ-బూట్ బోర్డు మీది ఈప్రామ్ అనే చిన్న మెమరీని చదివి, తాను ఏ సంస్థ బోర్డు మీద ఉన్నదో గుర్తుపట్టి, తగిన డివైస్ ట్రీని, అంటే బోర్డులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికను కెర్నెల్‌కు అందిస్తుంది. మొదట్లో మనం చేత్తో చేసిన పని అది. ఇన్‌స్టాలర్‌ను మైక్రో ఎస్‌డీ కార్డు మీద రాసి ఆన్ చేస్తే, ఏ సాధారణ కంప్యూటర్‌లోలాగానో ఏది లేపాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది. సీరియల్ తీగ మీద ఆ నీలం మెనూ అక్షరాలు చూసి నిజంగా సంతోషించాను.

అందులో ఒక మెలిక ఉంది. గ్రబ్ ఎక్కించే దశలో బూట్ వివరాలు రాసుకొమ్మని ఇన్‌స్టాలర్ ఫర్మ్‌వేర్‌ను, అంటే ఇక్కడ యూ-బూట్‌ను, అడుగుతుంది. లైనక్స్ నడుస్తుండగా అలా రాసుకోవడం యూ-బూట్‌కు చేతకాదు. కాబట్టి నిపుణుల విధానం ఎంచుకుని, గ్రబ్‌ను పెన్‌డ్రైవ్‌లలో వాడే సాధారణ దారిలో కూడా పెట్టమని చెప్పాలి. అది మరిచిపోతే ఇన్‌స్టాలేషన్ అంతా సవ్యంగా ముగిసి, మళ్లీ ఆన్ చేశాక ఏమీ దొరకలేదని యూ-బూట్ చేతులెత్తేస్తుంది. మొదటిసారి నాకు జరిగింది అదే. రెండోసారి యాభై నిమిషాల్లో పని అయిపోయింది. ఇప్పుడు ఫ్లాష్‌లో యూ-బూట్, మిగిలినదంతా ఎస్ఎస్‌డీ మీద. కార్డు స్లాటు ఖాళీ. ఎస్ఎస్‌డీకి దొరికేది పీసీఐఈ రెండో తరం దారి ఒక్కటే, సిద్ధాంతం ప్రకారమే సెకనుకు 500 ఎంబీ దాటదు. ఖరీదైన డిస్కు కొని దండగ చేసుకోవద్దు.

దీనికి చెల్లించిన మూల్యం తెర. డెబియన్ 13లోని 6.12 కెర్నెల్‌లో ఈ చిప్ హెచ్‌డీఎంఐకి డ్రైవర్ లేదు. గ్రాఫిక్స్ లేవు, డెస్క్‌టాప్ లేదు. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు కూడా ఉంటుంది కానీ తెరే లేనప్పుడు దానితో పనేముంది? తయారీదారు ఇమేజ్ ఉన్న రోజుల్లో పోతన, వేమన ఖతులు పెట్టుకుని బ్రౌజర్‌లో తెలుగు చక్కగా చదివేవాడిని. ఇప్పుడు బోర్డుతో నా సంభాషణంతా ఎస్ఎస్‌హెచ్ మీదే, అంటే వేరే కంప్యూటర్ నుంచి గుప్తంగా పంపే ఆదేశాలతోనే. డెస్క్‌టాప్ కోసం కొనేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. నేనైతే తెరను వదులుకుని అప్‌గ్రేడ్‌ను తీసుకున్నాను. చీటీ చింపేశాను.

రోజువారీ పని: ఇంటి ఫైళ్లు, ఫోను ఫోటోల నకళ్లు, ప్రోగ్రాములు దాచుకునే గిట్ భాండాగారాలు, ప్రకటనలను అడ్డుకునే డీఎన్ఎస్. వీటికి బోర్డు చాలా ఎక్కువే. ఖాళీగా ఉన్నప్పుడు 4 వాట్లు, నాలుగు కోర్లూ శ్రమిస్తుంటే 7 వాట్లలోపు తీసుకుంటుందని నా మీటర్ చెప్పింది. మే నెల మధ్యాహ్నం ఫ్యాను లేకుండా 78 డిగ్రీలకు చేరింది. చిన్న ఫ్యాను పెట్టాక 55 దాటలేదు. గుప్తీకరణకు ప్రత్యేక ఆదేశాలు ఈ కోర్లలో లేవు. అందుకే ఎస్ఎస్‌హెచ్ మీద పెద్ద సినిమా ఫైలు పంపితే చెమటలు పడతాయి, అదే ఫైలు గుప్తీకరణ లేని ఎన్ఎఫ్ఎస్ మీద హాయిగా వెళ్తుంది. డెబియన్ అమరికలతో కెర్నెల్ మొత్తం కంపైల్ చేయమని రాత్రి పడుకునే ముందు పెడితే మర్నాడు భోజనాల వేళకు ముగిసింది. గడియారానికి బ్యాటరీ లేదు. రెండు గంటలు కరెంటు పోతే, రౌటర్ లేచి నెట్ సమయం అందేదాకా బోర్డు రెండు గంటల వెనకటి కాలంలోనే ఉంటుంది. ఒకసారి ఆ వ్యవధిలో నడిచిన బ్యాకప్ తేదీలు చూసి నాకే తల తిరిగింది.

ప్యాకేజీల కొరత భయపడినంత లేదు. పైథాన్, జావా, గో, రస్ట్, పోస్ట్‌గ్రెస్ అన్నీ డెబియన్ భాండాగారంలోనే ఉన్నాయి. ఇబ్బంది కంటైనర్లతో, అంటే అనువర్తనాన్ని దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూటలతో. డెబియన్, ఉబుంటు, ఆల్పైన్ మూల ఇమేజ్‌లు దొరుకుతాయి. వాటి మీద ఇతరులు కట్టిన అనువర్తనాల ఇమేజ్‌లు చాలావరకు ఇంటెల్‌కు, ఆర్మ్‌కు మాత్రమే ఉంటాయి. మనం సొంతంగా కట్టుకోవాలి. కొందరికి అది శిక్ష, నాకు ఆదివారం కాలక్షేపం.

ఇప్పుడు కొత్తగా కొనేవారికైతే ఈ చిప్‌ను సిఫార్సు చేయను. ఆర్‌వీఏ23కు సరిపడే బోర్డులు చూసుకోండి, లేదా సాధారణ ఇంటి సర్వరే కావాలంటే మా మేనల్లుడి మాట వినండి. ఇప్పటికే కొని, పాత ఇమేజ్‌తో అటక మీద పడేసినవారు మాత్రం దించి, దుమ్ము దులిపి, డెబియన్ 13 ఎక్కించండి. అదే బోర్డు అంటే నమ్మలేరు.

మేనల్లుడు కూడా ఈ మధ్య ఎక్కడో సగం ధరకు ఇదే చిప్ బోర్డు సంపాదించాడు. “మామయ్యా, ఆ తీగ రెండు రోజులు ఇస్తావా?” అని నా సీరియల్ కేబుల్ పట్టుకుపోయి నెల అయింది. కొత్త కెర్నెల్ వచ్చి ఉంది. తీగ చేతికి వచ్చేదాకా రీబూట్ చేసే ధైర్యం లేక వాయిదా వేస్తున్నాను.