పదిలో ఏది మేలు? స్టేట్ బోర్డు, సీబీఎస్‌ఈ పాస్ లెక్కలు పక్కపక్కన పెడితే

తిరుపతిలో ఎనిమిదో తరగతి దాటుతున్న బిడ్డ ఉన్న ఇంట్లో స్టేట్ బోర్డా, సీబీఎస్‌ఈనా అన్న చర్చ తప్పదు. చాలామంది సిలబస్ గురించి వాదించుకుంటారు. నిజానికి సిలబస్ తేడా ఇప్పుడు బాగా తగ్గింది. 2024-25 నుంచి రాష్ట్ర పదో తరగతికీ, సీబీఎస్‌ఈ బళ్లలో చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల ఆధారంగా తయారైన గణితం, సైన్సు, సోషల్ పుస్తకాలే వచ్చాయి. తేడా మిగిలింది పరీక్ష పేపర్లో, పాస్ నిబంధనలో, తప్పినప్పుడు దొరికే రెండో అవకాశంలో. ఏ బోర్డన్నది అక్కడ చూసి తేల్చుకోవాలి.

ముందు స్టేట్ బోర్డు. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. సైన్సును మాత్రం ఫిజికల్ సైన్సు, బయలాజికల్ సైన్సు అని 50 మార్కుల చొప్పున రెండు రోజులు రాయిస్తారు, లెక్కకు అది ఒకే సబ్జెక్టు. ఒకప్పుడు 11 పేపర్లుండేవి. 2022లో ఏడుకు, 2023లో ఆరుకు తగ్గించారు. పాస్ కావాలంటే 100కు 35, హిందీకి మాత్రం 20. ఇందులో బడి చేతి మార్కు ఒక్కటీ లేదు. 20 ఇంటర్నల్ మార్కులు ఒకప్పుడు ఉండేవి. ప్రైవేటు బళ్లు ఇరవైకి ఇరవై పంచిపెడుతున్నాయన్న విమర్శతో 2019లో వాటిని ఎత్తేశారు.

సీబీఎస్‌ఈలో అయిదు సబ్జెక్టులు తప్పనిసరి, ఆరోది ఐచ్ఛికం. ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కులు రాతపరీక్షకు, 20 బడిలో. ఆ ఇరవైని పీరియాడిక్ టెస్టులకు 5, ఇతర మదింపులకు 5, పోర్ట్‌ఫోలియోకు (బిడ్డ చేసిన పని దాచిన ఫైలు) 5, ప్రాక్టికల్ తరహా పనికి 5 అని విడగొడతారు. రెండూ కలిపి 33 వస్తే పాస్.

అసలు మతలబు ఈ కలపడంలోనే ఉంది. బడి 18 వేసిందనుకోండి, రాతపరీక్షలో 80కి 15 వచ్చినా బిడ్డ గట్టెక్కుతాడు. అదే బిడ్డ స్టేట్ బోర్డులో ఉంటే మొత్తం 35నూ మూడు గంటల పదిహేను నిమిషాల రాతపరీక్షలోనే తెచ్చుకోవాలి. అందువల్ల సీబీఎస్‌ఈ తేలిక అని చాటుకునేవాళ్లున్నారు. పాస్ వరకు అది నిజమే. కానీ ఆ పదిహేను మార్కుల బిడ్డ ఇంటర్ ఎంపీసీలో చేరితే జూలైకల్లా తేలిపోతుంది. ఇంటర్నల్ మార్కులు నిక్కచ్చిగా వేసే బడి దొరికితే సీబీఎస్‌ఈ మంచిదే. అడ్మిషన్ కోసం వెళ్ళినప్పుడు తొమ్మిదో తరగతి పీరియాడిక్ టెస్టు పేపర్లు చూపించమని అడగండి. చూపించడానికి తటపటాయిస్తే వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి.

ఇక పేపర్ సంగతి. స్టేట్ గణితం పేపర్లో 33 ప్రశ్నలుంటాయి: 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. వెనకబడిన బిడ్డకు ఇందులో ఒక దారి కనిపిస్తుంది. 1, 2 మార్కుల చిన్న ప్రశ్నలు రెండు విభాగాలూ కలిపి 28 మార్కులు. వాటికి తోడు రెండు నాలుగు మార్కుల ప్రశ్నలు సరిగ్గా చేస్తే 36. సబ్జెక్టు టీచర్లు వెనకబడిన పిల్లలను ఈ లెక్కతోనే తయారు చేస్తారు. ఎక్కడ దెబ్బతింటారంటే, ఎనిమిది మార్కుల గ్రాఫు దగ్గర నలభై నిమిషాలు కూర్చుని చిన్న ప్రశ్నలను చివరికి వదిలేసినప్పుడు.

సీబీఎస్‌ఈ గణితంలో 38 ప్రశ్నలు. 1 మార్కువే 20 ఉంటాయి, ఆ తర్వాత 2, 3, 5 మార్కులవి, ఆఖర్లో ఒక సందర్భం ఇచ్చి దాని మీద అడిగే 4 మార్కుల కేస్ స్టడీలు మూడు. మొత్తంమీద సగం మార్కులు వినియోగ సామర్థ్యం చూసే ప్రశ్నలకే. పుస్తకంలోని లెక్కను నంబర్లు మార్చి ఇవ్వరు. సందర్భమే మార్చి ఇస్తారు. ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోవడం రాని బిడ్డ గణితం వచ్చి కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటాడు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇదే పెద్ద గండం. స్టేట్ బోర్డులో 2024-25 పరీక్షలకు తెలుగులో రాసుకునే వీలు కూడా ఇచ్చారు. గణితం కష్టమైతే సీబీఎస్‌ఈలో బేసిక్, స్టాండర్డ్ అని రెండు స్థాయులున్నాయి. బేసిక్ పేపర్ తేలిక. కానీ ఇంజనీరింగ్ వైపు వెళ్ళే ఆలోచన ఉంటే దాని జోలికి పోవద్దు, పై తరగతుల్లో గణితం తీసుకోవడానికి అడ్డొస్తుంది.

హిందీ విషయంలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లు ప్రత్యేకంగా ఆలోచించాలి. కుప్పం, నగరి వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష, హిందీ మూడోది. స్టేట్ బోర్డులో దాన్ని తప్పించుకోలేరు, అయితే 20 చాలు. సీబీఎస్‌ఈలో పదికి రెండు భాషలే, కాబట్టి ఇంగ్లిషుతో పాటు తెలుగు పెట్టుకుని హిందీని వదిలించుకోవచ్చు. బడిలో తెలుగు టీచరు ఉంటేనే సుమా.

తప్పితే ఏమిటి? స్టేట్ బోర్డులో ఎన్ని సబ్జెక్టులు పోయినా సప్లిమెంటరీ రాయవచ్చు. 2025లో ఏప్రిల్ 23న ఫలితాలొచ్చాయి, మే 19 నుంచి 28 దాకా సప్లిమెంటరీ జరిగింది. మధ్యలో ఉన్నది 26 రోజులు. ఫీజు మూడు సబ్జెక్టుల దాకా రూ.110, ఆపైన రూ.125. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు రూ.500, జవాబుపత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కు రూ.1,000. ఒక చిక్కుంది: ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉన్నవాళ్లకు సప్లిమెంటరీ పాస్ పనికిరాదు. దాన్ని నడిపే విశ్వవిద్యాలయం ఆర్‌జీయూకేటీ మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలంటుంది. అక్కడ ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. పల్లెల్లో బాగా చదివే బిడ్డకు జిల్లా పరిషత్ హైస్కూలు వదలకపోవడానికి ఇదొక్కటే చాలు.

సీబీఎస్‌ఈ 2026 నుంచి పదికి ఏడాదిలో రెండు పరీక్షలు పెట్టింది. ఫిబ్రవరిది తప్పనిసరి, మేలోది ఇష్టమైతే రాయవచ్చు. మూడు సబ్జెక్టుల దాకా మళ్ళీ రాసి మార్కులు పెంచుకోవచ్చు, ఎక్కువ వచ్చినవే నిలుస్తాయి. స్టేట్ బోర్డులో పాసైన సబ్జెక్టును మళ్ళీ రాసే మామూలు దారి లేదు, 72 వస్తే 72తోనే సర్దుకోవాలి. కానీ సీబీఎస్‌ఈలో రెండు సబ్జెక్టులకు మించి పోతే ఆ ఏడాది పోయినట్టే. ఫిబ్రవరిలో మూడు పేపర్లకు హాజరు కాకపోయినా మేలో రానివ్వరు. కాబట్టి ఒకటి రెండు సబ్జెక్టుల్లో జారే బిడ్డకు సీబీఎస్‌ఈ దయ చూపుతుంది, మూడు నాలుగింట్లో జారే బిడ్డకు స్టేట్ బోర్డే దిక్కు.

జవాబుదారీతనం మాటకొస్తే రెండింటికీ మచ్చ ఉంది. స్టేట్ బోర్డులో బడిని ఉత్తీర్ణత శాతంతో తూచుతారు. 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. ఈ అంకె కోసం వంద రోజుల ప్రణాళికలు, ఆదివారం క్లాసులు పెడతారు. డిసెంబరు నుంచి పాఠం ఆగిపోయి పాస్ తయారీ ఒక్కటే మిగులుతుంది. ఒత్తిడి ముదిరితే ఏం జరుగుతుందో చిత్తూరుకు తెలుసు: 2022 ఏప్రిల్‌లో తెలుగు పేపర్ వాట్సాప్‌లో తిరిగిన కేసు నమోదైంది ఇక్కడే. సీబీఎస్‌ఈలో ఆ ఒత్తిడి ఇంటర్నల్ మార్కుల వైపు తిరుగుతుంది. నా మటుకు పరీక్ష గది మార్కే నమ్మకం. రెండో అవకాశంలో మాత్రం సీబీఎస్‌ఈ పద్ధతే న్యాయంగా ఉంది, దాన్ని స్టేట్ బోర్డు కూడా తెచ్చుకుంటే బాగుండు.

బోర్డు మార్చాలనుకుంటే ఎనిమిది పూర్తవగానే మార్చండి. సీబీఎస్‌ఈ తొమ్మిదిలోనే విద్యార్థి పేరు రిజిస్టర్ చేస్తుంది, పదిలో నేరుగా చేరడం దాదాపు కుదరదు. మధ్యలో మార్పు ఎలా ఉంటుందో రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బళ్లు చూశాయి. సీబీఎస్‌ఈకి మళ్ళించిన ఆ పిల్లలను 2024 సెప్టెంబరులో, పదో తరగతి నడుస్తుండగానే, స్టేట్ పరీక్షకు తిప్పారు. ఎటు వెళ్ళినా తొమ్మిదిలో ఇచ్చే పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా పడటం మామూలు పొరపాటు. మెమో వచ్చాక దాన్ని దిద్దించాలంటే బడి చుట్టూ, డీఈవో ఆఫీసు చుట్టూ, సీబీఎస్‌ఈ అయితే విజయవాడ ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది.